పెన్సిలు సంతకం

జీరిక్‌జే ఊళ్లో గురువారం సంత.
చేపల బండికీ చీజు బండికీ నడుమ
మడత బల్ల వేసుకుని
పదహారేళ్ల క్రైన్ నిలబడ్డాడు.
బల్లకు వేలాడే అట్టమీద ఎర్రటి అక్షరాలు:
డైహైడ్రోజన్ మోనాక్సైడ్‌ను తక్షణం నిషేధించాలి!

ఆ పేరు దగ్గరే రెండు రోజులు తంటాలు పడ్డాడు.
వాళ్ల భాషలో హైడ్రోజన్‌ని 'వాటర్‌స్టోఫ్' అంటారు,
నీటి సరుకని అర్థం.
మన ఉదజనిలో ఉదకం నక్కినట్టే
అక్కడా పేరులోంచే నీళ్లు తొంగిచూస్తాయి.
దొంగ పేరే దొంగను పట్టిస్తే ఎలా?
అందుకని ఇంగ్లీషు ముసుగు తొడిగాడు.

కరపత్రంలో అబద్ధమంటూ ఏమీ లేదు.
రంగు ఉండదు, వాసన ఉండదు.
ఊపిరితిత్తుల్లోకి పోతే చంపుతుంది.
ఇనుమును కొరుక్కు తింటుంది.
కేన్సరు గడ్డల్లో ఉంటుంది, ఆమ్లవానలో ఉంటుంది,
ఒకసారి మరిగినవాడు మానేస్తే
నాలుగు రోజులు బతకడం కష్టం.
పసిపిల్లల పాలడబ్బా పొడిలో
కన్నతల్లులే కలుపుతున్నారు!

జనం ఆగారు. తలలు ఊపారు.
సైకిలు దిగకుండానే డింగెమన్ సంతకం గీకాడు.
కుక్కను పట్టుకున్న ఆవిడ, కుక్క తరఫున కూడా చేస్తానంది.
ఒక బట్టతలాయన, "ఈ కంపెనీలున్నాయే..." అని తిడుతూ తిడుతూ
గొంతు ఆరిపోయి
సీసా మూత తిప్పి గటగటా తాగాడు.
చేపల బండి వెనక ఫోను పట్టుకున్న యన్నా
నవ్వు ఆపుకోలేక మఫ్లరు కొరికింది.

ఈలోగా తుంపర మొదలైంది.
నిషేధించాల్సిన పదార్థమే ఆకాశంలోంచి దిగి
సంతకాలన్నీ అలికేస్తోంది.
ఒక్కరూ తల ఎత్తి చూడలేదు.

నలభై మూడయ్యాక పీటర్‌నెల్ల వచ్చింది,
చక్రాల బండిలో ఉల్లికాడలు వేసుకుని.
కళ్లద్దాలు తుడుచుకుని
ఒక్కో వరుస కింద వేలు పెట్టి
మొత్తం చదివింది. అంతవరకూ
మొత్తం చదివినవాళ్లు లేరు.

"ఎక్కడుంటుందోయ్ ఇది?"
"అంటే... చాలా చోట్ల... మన దగ్గర మరీనూ..."
క్రైన్ నీళ్లు నమిలాడు,
వద్దన్న సరుకునే నోట్లో పెట్టుకుని.

"బడిలో నేనూ చదివాలే.
బాగానే రాశావు గాని రెండు తప్పులున్నాయి.
యాభై మూడు, ఫిబ్రవరి ఒకటి, తెల్లవారుజాము.
కట్ట తెగింది. మేం అటక మీదున్నాం.
రంగు ఉండదన్నావు, నల్లగా ఉంది.
వాసన ఉండదన్నావు,
ఉప్పు, కిరసనాయిలు, మా ఆవుల వాసన.
మా చెల్లెలు మాత్యే నా చెయ్యి పట్టుకునే ఉంది,
కాసేపటిదాకా.
ఊపిరితిత్తుల మాట మాత్రం సరిగ్గా రాశావు."

క్రైన్ పెన్ను చాచాడు. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టుంది వాడికి.
"వద్దు, సిరా కరిగిపోతుంది" అని
సంచిలోంచి పొట్టి పెన్సిలు తీసింది.
తన పేరు రాసింది. ఊరు రాసింది.
కింది గీత మీద మాత్యే పేరు.
వయసు గడిలో నాలుగు.

"బల్ల కింద నీ సీసా కనబడుతోంది, ఇలా ఇవ్వు,
మాత్ర వేసుకునే వేళయింది."
రెండు గుక్కలు తాగి, పెదాలు తుడుచుకుని
చేపల బండి దగ్గర బేరం మొదలుపెట్టింది.
హెరింగు మరీ ఖరీదట.

యన్నా ఫోను ఎప్పుడు దించిందో తెలీదు.
వాడు నిలువునా నీరయ్యాడు అనడానికి
ఇంతకన్నా తగిన చోటు దొరకదు నాకు.

సంత ఎత్తేశాక క్రైన్ కాగితం విప్పి చూశాడు.
నలభై మూడు నీలి మరకలు.
అడుగున రెండు పేర్లు
ఇంకా చదవొచ్చు.